నడిసముద్రంలో సుడిదోమ

జూన్ 27

ఓడ మీదికి తిరిగొచ్చాను. డెక్ కడిగాను, తాళ్లు చుట్టాను, ఎవరితోనూ మాట్లాడలేదు. డెక్ పనివాళ్ల మీద పెత్తనం చేసే సరంగు మునకాత నా చెయ్యి పట్టుకుని, గోళ్లలో ఇంకా బురద ఉందని అందరికీ చూపించి నవ్వించాడు. ఉంటుంది. ఊరంతా కలిసి వేయాల్సిన నాట్లు నాన్న, అక్క, నేను ముగ్గురమే వేశాం.

మా ఊళ్లో నాట్లు ఎవరూ ఒంటరిగా వేసుకోరు. ఇవాళ మీ మడి, రేపు మా మడి. మధ్యాహ్నం అందరూ ఒకే గట్టు మీద కూర్చుని అన్నం ముద్దలు తింటారు. ఈసారి మా గట్టు మీదికి ఎవరూ రాలేదు. పక్క మడిలో నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. హరుయె అక్క తల ఎత్తకుండా నాటింది. నాన్న మధ్యమధ్య నడుం పట్టుకుని నిలబడేవాడు. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఇదంతా కాస్త గడ్డి కోసం.

చలికాలంలో ఊరంతా ఒకే రోజు గట్ల మీద ఎండుగడ్డి తగలబెడతారు. ఎవరి గట్టుకి వాళ్లే నిప్పు పెట్టుకోవాలి, అది పద్ధతి. పోయినేడు ఆ రోజు నాన్న ఇంటి కప్పు మీద నుంచి పడి, పక్కటెముక విరిగి మంచం మీద ఉన్నాడు. నేను ఓడ మీద ఉన్నాను. అందరి మంటలూ మా హద్దు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ ఏడు శరత్కాలంలోనే వరి మొదళ్లలో చేరి రసం పీల్చే దోమపోటు వచ్చింది. పచ్చటి వరి నడుమ గుండ్రంగా, కుండ బోర్లించినంత మేర ఎండిపోవడం మొదలై, సుళ్లు సుళ్లుగా ఊరి మడులన్నీ కాలినట్టు మాడిపోయాయి. మొదటి సుడి మా మడిలోనే.

ఊరి పెద్ద ఎగాషిరా మా మడిలో దిగి, ఎండిన దుబ్బు ఒకటి పీకి అందరిముందూ అన్నాడు. "పురుగు చలికాలమంతా నీ గట్టు గడ్డిలోనే పడుకుంది, మిత్సుయోషీ. నువ్వేరా దానికి పరుపేసింది."

నాన్న తల వంచి ఆ దుబ్బు అందుకున్నాడు. నాకు ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వసంతంలో ఊరి మీటింగు. మా ఇంటికి నాట్ల సాయం బంద్. జూలైలో పురుగుల్ని సాగనంపే ఊరేగింపు ఉంటుంది. గుర్రం మీద కూర్చున్న గడ్డిబొమ్మని ఇన్నేళ్లూ ముందు నడిచి మోసింది నాన్నే. ఈ ఏడు రావద్దన్నారు. వెలి అనే మాట ఎవరూ వాడలేదు. అంత మర్యాద.

జూన్ 29

సముద్రం. ఇంకేమీ లేదు. మంచిదే.

జూలై 2

మా ఓడ ఎక్కడికీ వెళ్లదు. నడిసముద్రంలో ఒకచోట నిలబడి గాలిని కొలుస్తుంది. రోజూ బెలూన్లు ఎగరేస్తారు. దగ్గర్లోని నేల చేరాలంటే ఓడకే రోజు పైన పడుతుంది. ఇక్కడ ఒక ఈగ కూడా ఉండదు.

మేజోడులో దాచిన సీసా ఇవాళ బయటికి తీశాను. దీని సంగతి అక్కకి కూడా చెప్పలేదు.

నాట్లకి ముందు మా గట్టు మీద తెల్ల పళ్లెం పెట్టి గడ్డిని తట్టాను. ఏమీ రాలకూడదు. రాలకపోతే ఆ ఖాళీ పళ్లెం తీసుకెళ్లి ఎగాషిరా మొహం ముందు పెడదామనుకున్నాను. రాలాయి. నూకగింజలంతేసి దోమలు, రాలీ రాలగానే పక్కకి ఎగిరి గెంతాయి. దొరికినవాటిని సీసాలో సారా పోసి అందులో వేశాను.

ఉన్నాయి. మా గట్టులోనే ఉన్నాయి. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి ఇన్నాళ్లు పట్టింది.

సహకార సంఘం వాళ్లు పంచిన కరపత్రం నా దగ్గరుంది. వరి మీద వాలే దోమలు మూడు రకాలట. మొదటిది తెల్లవీపుది, రెండు రెక్కల మధ్య వీపు మీద సున్నం గీత. రెండోది సుడిదోమ, ఒళ్లంతా గోధుమరంగు, నూనె రాసుకున్నట్టు మెరుపు. మడుల్ని కాల్చేది అదే. మూడోది చిట్టిదోమ, మూడింట్లోకీ చిన్నది. అది చలికాలం గట్ల గడ్డిలోనే గడుపుతుంది, వరికి చారల తెగులు మోసుకొస్తుంది, కానీ మడిని కాల్చదు.

మరి సుడిదోమ చలికాలం ఎక్కడుంటుంది? కరపత్రంలో ఆ మాటే లేదు. గట్లలోనే, ఇంకెక్కడ, అంటుంది ఊరు. అది సముద్రం దాటి వస్తుందేమోనని పంటల ఆఫీసు మనిషి ఒకాయన ఎప్పుడో అంటే, పడవెక్కి వస్తుందా అని నవ్వారట.

సీసాలోవి ఏవి? నా భూతద్దానికి అందడం లేదు. నల్లగా ఒకటి, గోధుమగా ఒకటి. అంతకుమించి కనబడదు.

జూలై 5

వాతావరణం టీమ్‌లో కుసాబా అని ఒకడున్నాడు. యూనివర్సిటీ మనిషి. నా వయసే, కానీ నన్ను "మీరు" అంటాడు. అదొక మంట. ఇవాళ నా బల్ల పక్కకొచ్చి, ఏం చూస్తున్నారని అడిగాడు. దోమ అన్నాను. సముద్రపు పురుగుల కోసం తెచ్చిన మైక్రోస్కోప్ ఒకటి ఖాళీగా పడుంది, వాడుకోండి అన్నాడు. దయ చూపించక్కర్లేదని చెప్పాను. దయ కాదండీ, దానికి బూజు పడుతోంది అని వెళ్లిపోయాడు.

జూలై 8

వెళ్లాను. బూజు నిజమే.

మొదట నల్లదాన్ని పెట్టాను. ఎలా రాయాలో తెలియడం లేదు.

పొలంలో పుట్టి పెరిగాను. వీటిని అరచేత్తో నలిపాను, నీళ్లలో నూనె పోసి లక్షల్లో చంపాను, అన్నం తింటుంటే గిన్నెలో పడితే తీసి విసిరేశాను. దీనికి మొహం ఉందని నాకు తెలియదు. మొహం నల్లగా, పొడవుగా ఉంది, పై నుంచి కిందికి ఉబ్బెత్తుగా మూడు తెల్లటి గీతలు, ఓడ ముక్కుకి ఉన్నట్టు. కళ్లు పక్కల్లో, ఎర్ర మట్టి రంగు. మీసాలు కళ్ల కిందనుంచి మొలిచాయి. వీపు మీద పలక కొత్త బూటులా నల్లటి మెరుపు. రెక్కలు గాజు, మీద సన్నటి నరాలు, నరాల మీద వరసగా చుక్కలు. ఎవరు పెట్టారు ఆ చుక్కల్ని? ఎవరు చూస్తారని?

వెనక కాలికి మడమ దగ్గర పుంజు కాలి ముల్లులాంటిది ఒకటి ఉంది. కాకపోతే ఇది కదులుతుంది, మడత కత్తిలా. కుసాబా దగ్గర ఒక పుస్తకం ఉంది. ఈ కత్తి ఉన్నవన్నీ ఒకే కుటుంబమట. తేయాకు మీద, గడ్డి మీద గెంతే వేరే దోమలకి ఇది ఉండదు. అంటే ప్రపంచంలో ఎక్కడ దొరికినా, కాలు తిప్పి చూస్తే ఇంటిపేరు తెలిసిపోతుంది.

వీపు నల్లగా, మొహం నల్లగా ఉంటే చిట్టిదోమ. పుస్తకంలో అలాగే ఉంది. బల్ల గుద్దాను. మా గట్టులోది కాల్చేది కాదు.

తరవాత గోధుమది పెట్టాను.

లావుగా ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. రెక్కలు సగం దాకానే, పొట్టి చొక్కా వేసుకున్నట్టు. ఒళ్లు గోధుమరంగు. పోయినేడు మా వరి దుబ్బుల మొదట్లో గుంపులు గుంపులుగా కూర్చున్నవి ఇలాగే ఉన్నాయి. పొట్టి రెక్కలు, లావు, గోధుమ.

సుడిదోమ. మా గట్టులో.

భోజనానికి వెళ్లలేదు. సరంగు వచ్చి, "ఏరా బురదకాళ్లోడా, సముద్రం పట్టేసిందా?" అన్నాడు. పొమ్మన్నాను. సరంగుని పొమ్మన్న మొదటివాణ్ణి నేనే అనుకుంటాను. కొట్టలేదు, వింతగా చూసి వెళ్లాడు.

జూలై 9

కుసాబాకి అంతా చెప్పాను. నాన్న, గడ్డి, ఎగాషిరా, అంతా. ఎందుకు చెప్పానో తెలియదు. రాత్రి నిద్ర లేక కావచ్చు. అతను ఓదార్చలేదు, అందుకు నచ్చాడు. ఆ గోధుమదాన్ని మళ్లీ పెట్టి సూదితో వెనక కాలు తిప్పాడు. నన్ను చూడమన్నాడు.

కత్తి ఉంది. కత్తి కింద పాదం. పాదంలో మొదటి కణుపు నున్నగా ఉంది.

సుడిదోమ అయితే ఆ కణుపు పక్కన చిన్న ముళ్లుండాలట. దీనికి లేవు. ఒళ్లు గోధుమగా ఉంటే సరిపోదు. రెక్క పొట్టిదైతే సరిపోదు. ఒకే జాతిలో పొట్టి రెక్కలవీ పొడుగు రెక్కలవీ పుడతాయి. తిండి బాగుంటే పొట్టి రెక్కలు, అక్కడే ఉండి పిల్లల్ని కంటాయి. గుంపు పెరిగి తిండి తగ్గితే పొడుగు రెక్కలు, లేచి వెళ్లిపోతాయి. నేను రెండు జాతులనుకున్నవి ఒక మగా ఒక ఆడా. రెండూ చిట్టిదోమలే. పోయినేడు మా దుబ్బుల్లో ఉన్నవి వేరు, ఇది వేరు. ఎగాషిరా చేసిన పనే నేనూ చేశాను. రంగు చూసి తీర్పు చెప్పాను.

నవ్వొచ్చింది. చాలాకాలం తరవాత.

కానీ కుసాబా అక్కడితో ఆపలేదు. సీసాలో సుడిదోమ లేకపోతే గట్టులో లేనట్టు కాదు కదా, మీరు గడ్డంతా తట్టలేదు కదా అన్నాడు. అవును, తట్టలేదు. అయితే మీ నాన్నగారి తప్పుందో లేదో తేలాలంటే అది వచ్చేది ఎక్కడినుంచో తెలియాలి అన్నాడు.

ఎక్కడినుంచో ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఊరు మా నాన్నకి శిక్ష వేసింది.

జూలై 11

ఊరేగింపు ఇరవై రెండున. ఓడ ఇరవైకి రేవు చేరుతుంది. చేతిలో ఏమీ లేదు.

జూలై 13, ఉదయం

ఉక్క. నైరుతి గాలి. సన్నటి జల్లు. కుసాబా మ్యాపు మీద గీతలు గీస్తున్నాడు. మేఘాల బారు ఒకటి చైనా తీరం నుంచి మన మీదుగా సాగి ఉందట, దాని దక్షిణపు అంచున గాలి ఏరులా పారుతోందట. పారనీ. నాకు తాళ్లు ఆరవు, అంతే.

జూలై 13, మధ్యాహ్నం

మర్చిపోకముందే రాస్తాను.

డెక్ మీద తడి తుడుస్తున్నాను. చేతి మీద ఏదో వాలింది. నూకగింజంత. అలవాటుగా విదిలించాను. అది గెంతింది. అప్పుడు ఆగాను. వరిచేలో వాలినప్పుడు చేసినట్టే చేశాను, కానీ నా చుట్టూ వరి లేదు. తల ఎత్తాను.

గాలి నిండా ఉన్నాయి.

మంచు కురుస్తోందా అనిపించింది, కానీ అడ్డంగా కురుస్తోంది, నైరుతి నుంచి. బూడిద రంగు ఆకాశం మీద కనబడవు. ఓడ పొగగొట్టం నల్లగా ఉంది కదా, దాని ముందు చూస్తే కనబడతాయి. అంతులేదు. ఆరేసిన చొక్కాల మీద, తాళ్ల మీద, రేడియో తీగల మీద, వంటవాడు బయట పెట్టిన అన్నం మీద. వాడు మూత వెతుక్కుంటూ తిడుతున్నాడు. సరంగు మెడ మీద తట్టుకుంటూ, నీ చుట్టాలొచ్చార్రా, నిన్ను ఇంటికి తీసుకుపోడానికి, అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రెయిలింగు దాకా వెళ్లాను.

కిందికి చూశాను. నీళ్ల మీద కూడా ఉన్నాయి. రెక్కలు పరుచుకుని, ఒక్కొక్కటి ఒక్కొక్క అల ఎక్కి దిగుతున్నాయి. చచ్చిపోయాయనుకున్నాను. చూస్తుండగానే ఒకటి నీటి మీదనుంచి లేచింది. నీటిని తన్ని లేచింది. ఆ మడత కత్తితోనో ఏంటో నాకు తెలియదు. లేచి, మళ్లీ గాలిలో పడి, మా ఓడని దాటి పోయింది. మా ఊరి వైపు.

ఎక్కడ బయల్దేరి ఉంటుంది? ఎవరి మడిలో? అక్కడ కూడా ఎవరి నాన్ననో ఎవరో తిట్టి ఉంటారు. ఇన్ని మైళ్లు దీనికి తిండి లేదు, కూర్చోడానికి చోటు లేదు. ఇంజను లేదు. నూకగింజ. నేను దీన్ని ఇన్నేళ్లూ చేత్తో నలిపాను.

కుసాబా పరిగెత్తుకొచ్చాడు, బెలూన్ల మీద కప్పే వల చేత్తో పట్టుకుని. ఇద్దరం పిచ్చివాళ్లలా డెక్ అంతా ఊడ్చాం. అతను నన్ను "మీరు" అనడం మర్చిపోయాడు. "పట్టుకోరా, అదిగో, అటు!" అన్నాడు. బాగుంది.

జూలై 14

తెల్లవీపు. తెల్లవీపు. తెల్లవీపు. పొద్దున్నుంచి కన్ను అద్దానికి అంటించి కూర్చున్నాను. అన్నిటికీ వీపు మీద సున్నం గీత. అన్నిటికీ పొడుగు రెక్కలు. అందమైనవే. కానీ మా మడిని కాల్చింది ఇవి కాదు.

సముద్రం దాటగలవని తేలింది, చాలదా అన్నాడు కుసాబా. చాలదు. ఎగాషిరాకి చాలదు. మరి సుడిదోమ ఏదిరా అంటాడు. నేనైనా అదే అంటాను.

జూలై 15, ఉదయం

ఇంకో దొంతర చూశాను. తెల్లవీపు. డెక్ మీద మిగిలినవాటిని వాన కడిగేసింది.

జూలై 15, సాయంత్రం

సరంగు మునకాత వచ్చి నా ముందు అగ్గిపెట్టె పడేశాడు. మొన్న నేనూ కుసాబా వల పట్టుకుని గెంతుతుంటే నవ్వాడు కదా, ఆ తరవాత వాన రాకముందే రేడియో గది వెనక గాలి తగలని మూల నిక్కి చూశాడట. వేరే రంగుది ఒకటి కనబడితే పట్టి, మా గొడవ ముగిసేదాకా దాచాడట. మా నాన్న సంగతి కుసాబా చెప్పాడట. తనకేం పట్టదన్నట్టు అటు తిరిగి చెప్పాడు. "మీ అయ్య మడిని తగలబెట్టింది ఇదేనేమో చూసుకో, బురదకాళ్లోడా. నా అయ్యకీ మడి ఉండేది."

అది నాకు తెలియదు.

గోధుమరంగు. నూనె మెరుపు. పొడుగు రెక్కలు. చిట్టిదోమ నేర్పిన బుద్ధి గుర్తుంది, రంగు చూసి అరవలేదు. సూదితో వెనక కాలు తిప్పాను. కత్తి ఉంది. పాదం. మొదటి కణుపు.

కుసాబాని పిలిచి అతని చేత చెప్పించుకున్నాను.

జూలై 15, ఇంకాసేపటికి

ముళ్లున్నాయి.

జూలై 20

రేవు. రైలు. ఊరు. కుసాబా తన సొంత భూతద్దం అప్పిచ్చాడు, చిన్నదే కానీ నాదానికంటే మంచిది. మిగిలిన దోమలు సైంటిస్టులకి వెళ్లాయి. ఈ సుడిదోమ ఒక్కటి మాత్రం మళ్లీ ఇచ్చేస్తానని మాటిచ్చి తెచ్చుకున్నాను.

దారి పొడుగునా ఎగాషిరాకి చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. మంచి మాటలు. మొహం పగిలే మాటలు.

ముందు నాన్నకి చూపించాను. గుమ్మంలో వెలుతురున్న చోట కూర్చుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. ఓడ గురించి, గాలి గురించి, నీటి మీదనుంచి లేచినదాని గురించి చెబుతూనే ఉన్నాను. మనది కాదు నాన్నా, మన గట్టుది కాదు, ఇది ఆ ఒడ్డునుంచి వచ్చింది, నువ్వు గడ్డి కాల్చినా కాల్చకపోయినా వచ్చేదే అన్నాను. నాన్న అద్దం దించలేదు.

"మధ్యలో కాలు మోపడానికి గడ్డిపోచైనా లేదు కదరా," అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టలేదు, సంబరపడలేదు. తన గురించి ఒక్క మాట లేదు. కోపం రావాలి నాకు. రాలేదు.

జూలై 21

అక్క ఊరుకోలేదు. నీళ్ల కాలవ దగ్గర అందరికీ చెప్పేసింది. మధ్యాహ్నానికి ఎగాషిరా వచ్చాడు, వెనక ఇంకో ముగ్గురు. గడప దాటలేదు. చూపించమన్నాడు.

ముసలాడి చెయ్యి వణుకుతోంది, అద్దం కుదరడం లేదు. నేను కూర్చుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. నాన్న లేచి వెళ్లి, ఆయన మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి ఆసరా ఇచ్చాడు. ఇద్దరూ అలా ఒకే అద్దం మీదికి వంగి నిలబడ్డారు. నా మాటలు నాలోనే ఉండిపోయాయి.

ముళ్లు కనబడలేదని ఎగాషిరా ఒప్పుకున్నాడు. కళ్లు పోయాయి, కుర్రాడు చెబుతున్నాడు కాబట్టి ఉన్నాయనుకుంటాను అన్నాడు. ఎంత దూరమని అడిగాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. వెనకున్నవాళ్లలో ఎవరూ నవ్వలేదు. క్షమించమని అనలేదు ఆయన. గడ్డి మాట ఎత్తలేదు. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తాతల నాటినుంచీ మా ఊరు ఆ పురుగుల్ని కాగడాలతో, తప్పెటలతో తీసుకెళ్లి, బొమ్మతో సహా ఆ సముద్రంలోనే వదిలి వస్తోంది.

"మరి మనం ఇన్నాళ్లూ వాటిని ఎక్కడికి పంపిస్తున్నాం, మిత్సుయోషీ?" అన్నాడు.

నాన్న కూడా సముద్రం వైపు తిరిగాడు.

జూలై 22

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో గడ్డిబొమ్మ ఉంది. గుర్రం, మీద మనిషి, నడుముకి చెక్క కత్తి. ఎవరు పెట్టారో చూడలేదు. చూడక్కర్లేదు. అక్క అరుగు మీద కూర్చుని ఏడ్చింది, తరవాత బొమ్మకి తోక సరిగ్గా కట్టలేదని తిట్టింది, విప్పి మళ్లీ కట్టింది.

మునిమాపున ఊరేగింపు. నాన్న ముందు నడిచాడు. విరిగిన పక్కటెముక వైపు భుజం కాస్త వంగింది కానీ బొమ్మ వంగలేదు. తప్పెట. కాగడాలు. మడులన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో ఎన్ని దిగి ఉంటాయో నాకొక్కడికే తెలుసు, కాదు, ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకేనేమో ఎవరూ ఎప్పటిలా కేకలు పెట్టలేదు.

గట్టు చివర, నీళ్ల అంచున నాన్న ఆగాడు. బొమ్మని విసిరేయాలి. విసరలేదు. ఇసకలో నిలబెట్టాడు, సముద్రానికి ఎదురుగా, వచ్చేవాళ్లని చూడటానికి నిలబెట్టినట్టు. దాని పక్కనే నిలబడి, నడుం పట్టుకుని, నెమ్మదిగా తల వంచి దండం పెట్టాడు. ఎవరికో నేను అడగలేదు. ఒక్కొక్కరే పెట్టారు. నేనూ పెట్టాను.

జూలై 24

నైరుతి గాలి. జల్లు. గాలిలో వచ్చేవి వాలితే కనబడేలా నాన్న మా ఇంటి కప్పెక్కి వెదురుగడకి తెల్లగుడ్డ కట్టాడు. కింద నిచ్చెన పట్టుకున్నది ఎగాషిరా.

మధ్యాహ్నం నేను ఎక్కి చూస్తే గుడ్డ మీద ఒకటి వాలి ఉంది. అద్దం చేతిలోనే ఉంది. కంటికి ఎత్తలేదు. ముందు కాసేపు కూర్చోనిచ్చాను.